ఫీనిక్స్ బే: ఒక రేవు ఆరోగ్యచరిత్ర

ఓడ పోర్టు బ్లెయిరు రేవులోనికి ప్రవేశించునపుడు ముందుగా రాస్ ద్వీపము, అటుపిమ్మట ఎడమవైపున అట్లాంటా పాయింటుపై నిలిచిన సెల్యులర్ జైలు, దానిని దాటగనే లోనికి ఒదిగియున్న ఒక చిన్న సముద్రశాఖ కానవచ్చును. అదియే ఫీనిక్స్ బే. దానికి అవతల చాథం ద్వీపమును, 1883 నుండి అచ్చట నడచుచున్న కోతమిల్లును కలవు. దీవినుండి దీవికి పోవు ఓడలు ఫీనిక్స్ బే జెట్టీనుండియే బయలుదేరును. ప్రభుత్వ నౌకలను బాగుచేయు కార్ఖానాయు ఇచ్చటనే ఉన్నది. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము పట్టణమునకు శ్రీ విజయపురమను పేరు పెట్టినది. రాస్ ద్వీపమునకు 2018లోనే నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు మారినది. ఫీనిక్స్ బే మాత్రము జనుల నోట ఫీనిక్స్ బేగనే నిలిచినది.

ఈ చిన్న రేవు చరిత్రలో ఒక విశేషము కలదు. ఇచ్చట పనిచేసినవారిలో హెచ్చుమందికి మొదటినుండియు యజమాని ప్రభుత్వమే. పని పురమాయించిన చేయియే నాడి పట్టి చూచుచు వచ్చినది. ఇతర దేశములలో కార్మికుల ఆరోగ్యరక్షణ చట్టముల కథ వేరువిధముగ నడచినది. 1833లో ఇంగ్లండు పార్లమెంటు నూలుమిల్లులను పరీక్షించుటకు నలుగురు ఇన్స్పెక్టర్లను నియమించెను. వారి సంఖ్య నవ్వు పుట్టించునంత స్వల్పము. కాని అందలి సూత్రము గొప్పది: యజమాని జీతము తినని మనుష్యుడొకడు కార్ఖానా గడప దాటి లోనికి పోయి, చూచినది చూచినట్లు వ్రాయవలెను. మిల్లు యజమాని ఒకడు, తనిఖీ చేయువాడు వేరొకడు. ఫీనిక్స్ బేలో ఈ యిద్దరు చిరకాలము ఒక్కరే. అందువలన ఇచ్చటి కథను చదువునపుడు ఎవరు ఏ నియమము చేసిరని అడుగుట చాలదు. ఆ నియమము నడచుచున్నదో లేదో చూచుటకు బయటినుండి ఎవరు వచ్చిరని కూడ అడుగవలెను.

అండమానులలో ఆంగ్లేయుల మొదటి వలస అనారోగ్యము వలననే అంతరించెను. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిరు చాథం ద్వీపముపై నివాసము నెలకొల్పెను. ఆ స్థలము కొంతవరకు అనుకూలముగనే ఉండెను. కాని నౌకాదళ ప్రయోజనములను చూచినవారు 1792లో వలసను ఉత్తర అండమానునందలి వేరొక రేవునకు మార్చిరి. అచ్చట జ్వరములు విజృంభించెను. మరణములు పెరిగెను. 1796లో వలసనే ఎత్తివేసిరి. పటమును ముందిడుకొని రేవును ఎన్నుకొన్నవారికి ఆ బురదనేలలో రాత్రులు గడపవలసిన పని లేకుండెను. తరువాత అరువది సంవత్సరములు ఈ తీరమును తిరిగి చూచినవారు లేరు.

1857 తిరుగుబాటు పిమ్మట ఖైదీలను ఉంచుటకు చోటు కావలసివచ్చెను. స్థలపరీక్షకై కలకత్తానుండి ముగ్గురు సభ్యుల సంఘము బయలుదేరెను. దాని అధ్యక్షుడు ఫ్రెడరిక్ జాన్ మువాట్ వైద్యుడు, వంగరాష్ట్ర కారాగారముల తనిఖీ అధికారి. రెండవవాడు ప్లేఫేరు, అతడును వైద్యుడే. మూడవవాడగు హీత్‌కోట్ నావికుడు. ముగ్గురిలో ఇద్దరు వైద్యులగుట యాదృచ్ఛికము కాదు. 1796 నాటి అనుభవము ప్రభుత్వమునకు జ్ఞప్తియందున్నది. బ్లెయిరు మొదట ఎన్నుకొన్న రేవే మేలని వారు తేల్చిరి. 1858 మార్చి 10వ తేదీన మొదటి ఖైదీలు రెండువందల మందితో సెమిరామిస్ అను నౌక వచ్చెను. వారిపై అధికారియైన జేమ్స్ ప్యాటిసన్ వాకర్ కూడ వైద్యుడే. పూర్వము ఆగ్రా కారాగారమును ఏలినవాడు.

వైద్యుడు పాలకుడైనచోట ఆరోగ్యము బాగుండునని ఎవరైన తలచవచ్చును. జూన్ మధ్యనాటి లెక్క వేరుగ నున్నది. అప్పటికి వచ్చిన ఖైదీలు 773 మంది. ఆసుపత్రిలో చనిపోయినవారు 64 మంది. అడవిలోనికి పారిపోయి తిరిగి చిక్కనివారు 140 మంది. పారిపోవ యత్నించి పట్టుబడి ఉరితీయబడినవారు 87 మంది. ఆత్మహత్య చేసికొన్నవాడు ఒకడు. మిగిలినవారు 481 మంది. మూడుమాసములలో ముగ్గురిలో ఒకడు లెక్కనుండి తొలగిపోయెను. మరణించినవారి సంఖ్యకంటె ఉరితీయబడినవారి సంఖ్య హెచ్చుగ నున్న ఆరోగ్యపట్టిక లోకమున అరుదు. వైద్యుని సంతకమును, ఉరిశిక్ష వ్రాసిన సంతకమును ఒక్కటే. ఆ ఉరితీతలను కలకత్తాలోని ప్రభుత్వము తప్పుపట్టెను. బయటివారి కన్ను ఆ దీవులపై పనిచేసిన మొదటి సందర్భము ఇదియే యనవచ్చును.

చెట్లు నరకి నేల చదునుచేయుట ఖైదీల తొలిపని. ముండ్లు గుచ్చుకొనుట వలనను, కీటకముల కాట్ల వలనను కాళ్లపై పుండ్లు లేచి మానకుండెను. చలిజ్వరము, విరేచనములు వారిని పీడించెను. అధికారుల నివేదికలు వీనిని జబ్బుల పట్టికలుగ వ్రాసినవి. వీనినే అనుభవించి వ్రాసినవారును కలరు. ఖైరాబాదు వాస్తవ్యుడైన ఫజ్లే హక్ అను మహావిద్వాంసుడు 1859లో ఇచ్చటికి పంపబడి, 1861లో ఇచ్చటనే మరణించెను. అతడు అరబ్బీలో వ్రాసిన గ్రంథమున ఈ దీవిజబ్బుల ప్రసక్తి వచ్చును. 1866లో వచ్చి పదునేడు సంవత్సరములు గడపి తిరిగిపోయిన జాఫర్ థానేసరీ ఉర్దూలో తన కథను వ్రాసికొనెను. కాలాపానీ సాహిత్యమని నేడు మనము పిలుచునది ఇట్టి రచనలతో ఆరంభమైనది. ప్రభుత్వపు పట్టికను, ఈ గ్రంథములను ప్రక్కప్రక్కన ఉంచి చదువుట చరిత్రకారుని ధర్మము. పట్టిక లేనిచో ఎందరను సంగతి తెలియదు. గ్రంథము లేనిచో ఎవరను సంగతి తెలియదు.

1863లో సర్ రాబర్టు నేపియర్ వచ్చి వలసను పరీక్షించెను. ఖైదీల ఇండ్లు, బట్టలు, ఆహారము ఎంత హీనముగ నున్నవో చూచి, మార్పులు సూచించెను. ఆ సంవత్సరమే భారతదేశమందలి సైన్యారోగ్యమును గూర్చి నియమించిన రాజకీయ సంఘము తన నివేదిక ప్రకటించెను. దాని వెనుక ఫ్లారెన్సు నైటింగేలు కృషి కలదు. మరుసటి ఏడు మద్రాసు, బొంబాయి, వంగ రాష్ట్రములలో ఆరోగ్య సంఘములు ఏర్పడెను. దేశమంతట మరణములను లెక్కించుట, మంచినీటిని పరీక్షించుట, మురుగును దూరముగ పంపుట అధికారుల దినచర్యలో చేరెను. ఆ గాలియే పోర్టు బ్లెయిరునకును వీచెను. బారకాసులను నేలకు ఎత్తుగ కట్టుట, బురదనేలలను పూడ్చుట, ఆసుపత్రులను విస్తరించుట మొదలయ్యెను. బురద పూడ్చినవారును ఖైదీలే యనుట మరువరాదు. జ్వరమును తగ్గించుటకై జ్వరము పుట్టు నేలలో మోకాలిలోతున నిలిచి మన్ను మోసినవారు వారు.

1872 ఫిబ్రవరి 8వ తేదీన రాజప్రతినిధి మేయో ప్రభువు పోర్టు బ్లెయిరును చూడవచ్చెను. సాయంకాలము మౌంట్ హారియట్ కొండ నెక్కెను. అచ్చట జబ్బుపడినవారికి ఆరోగ్యనివాసము కట్టుటకు వీలగునా యని చూచుట అతని ఉద్దేశము. కొండ దిగి హోప్ టౌన్ జెట్టీపై నడచుచుండగా షేర్ అలీ అను ఖైదీ కత్తితో పొడిచి చంపెను. ఈ హత్యను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. ఆనాటి కొండప్రయాణము దేనికొరకో చెప్పినవారు తక్కువ.

ఆరోగ్యపట్టికలలో లేనివారి సంగతి మరింత విషాదకరము. ద్వీపముల ఆదివాసులైన అండమానీయులను మచ్చిక చేయుటకై ప్రభుత్వము వలసచెంతనే వారికి నివాసములు ఏర్పరచెను. ఖైదీలతోను, కావలివారితోను సాంగత్యము కలిగినది. 1876 నాటికి వారిలో సుఖరోగము కనబడెను. 1877లో తట్టు వ్యాపించి, గ్రేట్ అండమానీయులలో సగమునకు తక్కువకాని జనమును మాసములలో బలిగొనెను. ఖైదీకి తట్టు వచ్చినచో వైద్యుడు పేరు, సంఖ్య, మందు వ్రాసికొనెడివాడు. అడవిలోని మనుష్యుని పేరు వ్రాసికొనుటకు పుస్తకము లేదు. ప్రజారోగ్య పాలనకు హద్దు ఎచ్చటనుండునని అడిగినచో, ఆ కాలమున దాని హద్దు ఖైదీల హాజరుపట్టీ యొక్క చివరి గీత.

ఇక ఫీనిక్స్ బే కార్ఖానాల మాట. పంతొమ్మిదవ శతాబ్ది చివరకు పోర్టు బ్లెయిరులో ఇంచుమించు పండ్రెండువేల ఖైదీలు ఉండిరి. ఇంత జనమునకు కావలసిన వస్తువులలో పెక్కింటిని ఫీనిక్స్ బేలోనే చేయించిరి. వడ్రంగము, కమ్మరము, పడవల నిర్మాణము, మరమ్మతు, పడాకు కఱ్ఱతో సామానులు, ఇట్లు నానావిధములైన పనులు అచ్చట సాగెను. నేరస్థుడుగ వచ్చినవాడు పనివాడుగ తయారగుట అధికారులకు గర్వకారణమయ్యెను. ఆ గర్వము కొంత న్యాయమే. అడవి నరకుటకంటె, ఉప్పునీటిలో దుంగలు లాగుటకంటె కార్ఖానాలో కొలిమిముందు నిలుచుట మేలని ఖైదీలును తలచియుందురు.

అయినను కొలిమియు, రంపమును, ఆవిరియంత్రమును మనుష్యుని నేరచరిత్ర అడుగవు. 1881లో హిందూదేశపు మొదటి కార్ఖానా చట్టము వచ్చెను. ఏడేండ్లలోపు పిల్లలను పనికి పెట్టరాదనియు, పండ్రెండేండ్లలోపు వారిచేత దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదనియు, ప్రమాదకరమైన యంత్రభాగములకు కంచె వేయవలెననియు అందు కలదు. తనిఖీ అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకు ఇచ్చిరి. 1891లో దానిని కొంత విస్తరించిరి. ఈ చట్టములు కూలికై పనిచేయువానిని ఎదుట ఉంచుకొని వ్రాయబడినవి. ఖైదీ కూలివాడు కాడు. అతని పని అతని శిక్షలో భాగము. అతనికి వర్తించునవి 1876 నాటి అండమాను నికోబారు రెగ్యులేషను, వలస నియమావళి, కారాగార నియమములు. పని కష్టముగనుండుట నేరము కాకపోగా, కొన్ని తరగతులవారి విషయమున అదియే ఉద్దేశము. చేయి నలిగినచో అది ప్రమాదమా, నిర్లక్ష్యమా, పని తప్పించుకొనుటకు వేసిన ఎత్తా యని నిర్ణయించువాడు ఆ కార్ఖానానే నడుపు ప్రభుత్వపు ఉద్యోగి. అతనికి దిగువ ఖైదీలలోనుండియే ఎన్నుకోబడిన జమాదారులు, టిండాలులు ఉండిరి. పని వేగము వారి చేతిలో నుండెను. తోటి ఖైదీ ప్రాణమును కాపాడినందుకు వారికి బహుమానము లేదు. పని లెక్క తగ్గినచో హోదా పోవును.

1890లో చార్లెస్ లాయల్, వైద్యుడైన లెత్‌బ్రిడ్జి ఈ వలసను పరిశీలింపవచ్చిరి. వారు కనుగొన్నది విచిత్రము. ప్రధానభూమి కారాగారములలోని ఖైదీలు అండమాను శిక్షయే మేలని కోరుచున్నారనియు, ద్వీపాంతరవాసమునకు పూర్వపు భయము పోయినదనియు వారు వ్రాసిరి. ముప్పది సంవత్సరములు బురద పూడ్చి, బారకాసులు కట్టి, ఆహారము బాగుచేసి, మరణములను తగ్గించినందుకు ఫలితముగ శిక్షకు పదును తగ్గినదను ఫిర్యాదు పుట్టెను. వచ్చిన ఖైదీని మొదట కొంతకాలము కఠినమైన ఏకాంతమున ఉంచవలెనని వారు సూచించిరి. ఆ సూచన ఫలమే సెల్యులర్ జైలు. 1896లో ఆరంభమై 1906లో ముగిసిన ఆ కట్టడమునకు ఏడు శాఖలు, ఏడువందలకు కొంచెము తక్కువగ గదులు కలవు. ఫీనిక్స్ బేకు కూతవేటు దూరముననే అది లేచినది. ఆరోగ్యము మెరుగుపడుట వలన కారాగారము కఠినమైన ఉదాహరణలు చరిత్రలో అనేకము లేవు.

ఆ జైలులోని నూనెగానుగ కథలు భారతీయ పాఠకులకు సుపరిచితములు. వాటిలో తరచుగ మరచిపోబడు పాత్ర వైద్యాధికారిది. 1894 నాటి కారాగార చట్టము ప్రకారము కొన్ని శిక్షలను విధించుటకు ముందు ఖైదీ శరీరము ఆ శిక్షకు ఓర్చునని వైద్యాధికారి ధ్రువపరుపవలెను. కొరడాదెబ్బల సమయమున అతడు అచ్చట నిలిచియుండవలెను. ఈ నియమమున దయ లేదనరాదు. అది అనేకుల ప్రాణములు నిలిపియుండును. కాని అదే వైద్యుడు తనకు పైనున్న సూపరింటెండెంటు మనసు నొప్పింపక తన యోగ్యతాపత్రము వ్రాయగలుగుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. రంప పితూరీ పిమ్మట అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఈ జైలునందే బహుకాలము గడపెను. 1952లో అతడు లోకసభకు ఎన్నికయ్యెను. తెలుగువారికి అండమాను అనగనే ఇట్టి పేర్లు తోచుట సహజము. అదేకాలమున ఏ పితూరీలోను లేక, పేరు మిగలక, గట్టుదిగువ కార్ఖానాలలో పనిచేసిన మద్రాసు రాష్ట్రపు ఖైదీలును ఉండిరి.

అండమాను ఆరోగ్యచరిత్రలో శాస్త్రమునకు సంబంధించిన గొప్ప అధ్యాయమునకు మూలము తెలుగుదేశముననే కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు చెంత బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. (రాస్ ద్వీపమునకు ఇతనితో సంబంధము లేదు. అది డేనియల్ రాస్ అను సముద్రసర్వే అధికారి పేరు.) దోమయే మూలమని తెలిసిన పిమ్మట ఏ దోమ, ఏ నీటిలో అను ప్రశ్న మిగిలినది. 1912లో క్రిస్టఫర్స్ అండమానుల మలేరియాను గూర్చి తన పరిశోధనను ప్రకటించెను. నేడు సండైకస్ అని పిలువబడు అనాఫిలిస్ దోమ ఉప్పు కలిసిన నిలువనీటిలో పెరుగుచున్నదనియు, సముద్రతీరపు ఉప్పుబురదలకు అరమైలు లోపలనున్న నివాసములలోనే మలేరియా హెచ్చుగ నున్నదనియు అతడు చూపెను. అరమైలు దూరమున్న కొండపై నిదురించువాడు క్షేమముగ నుండును. బురద అంచున బారకాసులో నిదురించువాడు జ్వరముతో లేచును. ఆ కాలమునకు పోర్టు బ్లెయిరులో ఎవరు కొండపై, ఎవరు ఒడ్డున ఉండిరో చెప్పనక్కరలేదు. క్రిస్టఫర్స్ పరిశోధనకు మరియొక ప్రయోజనము కలిగినది. ఇంతవరకు గాలి మంచిది కాదు, నీరు మంచిది కాదు అను నివేదికలకు అర్థము అస్పష్టము. ఇకమీదట ఈ గుంట, ఆ కట్ట, ఫలానా పూడ్పు అని వేలుపెట్టి చూపి, చేయలేదేమని అడుగుటకు వీలయ్యెను.

ఇట్లు అడుగుటకు ఆధారము ఉన్నను అడుగువారు లేనిచో ఏమగునో కామెర్ల జ్వరము తెలుపును. 1903లో చౌధురి అను వైద్యుడు ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో పోర్టు బ్లెయిరు ఖైదీలకు వచ్చుచున్న పచ్చకామెర్లను వర్ణించెను. 1931లో టేలర్, గోయల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ జబ్బు లెప్టోస్పైరోసిస్ అని క్రిములతో సహా నిరూపించిరి. ఎలుకలు మొదలగు జంతువుల మూత్రముతో కలుషితమైన నీరు, బురద, మనుష్యుని చర్మపు గాయములద్వారా లోనికి పోయి ఈ జబ్బు కలిగించును. కాళ్లపై మానని పుండ్లతో బురదలో పనిచేసిన మనుష్యులకు ఇది రాకుండుట కష్టము. వారు కనుగొన్న క్రిమిభేదమొకటి లోకమంతట అండమానా అను పేరుతో చెలామణి అగుచున్నది. ఆ పుస్తకము గ్రంథాలయములకు చేరెను. కాని ద్వీపములలో దానిని జ్ఞాపకముంచుకొనవలసినవారు మారిపోయిరి.

మారుటకు కారణములు పెద్దవి. 1919-20 నాటి కారాగార విచారణ సంఘము ఖైదీలను అండమానులకు పంపు పద్ధతిని మానవలెనని చెప్పెను. ఆ మాన్పు సగము అమలై, సగము ఆగి, రాజకీయ ఖైదీల కాలము వచ్చి, 1937 నాటి నిరాహారదీక్ష జరిగి, 1942 మార్చిలో జపాను సైన్యము దిగెను. మూడున్నర సంవత్సరముల ఆక్రమణము పిమ్మట 1945లో ఖైదీల వలస ముగిసిపోయెను.

స్వాతంత్ర్యానంతరము అండమాను జనము క్రొత్తది. తూర్పువంగమునుండి వచ్చిన శరణార్థులు, మలబారువారు, తమిళులు, రాంచీ ప్రాంతపు కూలీలు, వీరితోపాటు శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలవారు. తెలుగు జాలరులను కొందరిని ప్రభుత్వమే తెచ్చి నిలిపినది. అధికులు విశాఖ రేవున ఓడ యెక్కి పనికై తమంతట వచ్చిరి. ఇండ్లకట్టుబడి, రోడ్లు, రేవుపని, చేపలు, చిల్లర వర్తకము వారి జీవనాధారములు. 2011 జనాభా లెక్కలలో ద్వీపములందు నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. పోర్టు బ్లెయిరు వీథిలో శ్రీకాకుళపు యాసలో మాటాడుకొనువారు దుకాణములో హిందీలోనికి మారుట సర్వసాధారణము. ఆ హిందీలో ఖైదీల కాలపు హిందుస్తానీ ఇంకను వినిపించును.

వీరు శిక్షితులు కారు, పౌరులు. 1948 నాటి కార్ఖానాల చట్టము వీరిని ఉద్దేశించి వ్రాయబడినదే. గాలి, వెలుతురు, త్రాగునీరు, మరుగుదొడ్లు, యంత్రముల కంచెలు, గ్యాసు నిండిన గదులలోనికి ప్రవేశించునపుడు తీసికొనవలసిన జాగ్రత్తలు, ఇవన్నియు అందు వివరముగ నున్నవి. ఆ చట్టము 116వ నిబంధన మన కథకు ముఖ్యము. ప్రభుత్వమునకు చెందిన కార్ఖానాలకును ఈ చట్టము వర్తించునని అది చెప్పును. ఫీనిక్స్ బేలో దీని అర్థము పుస్తకములో కనబడునంత చిన్నది కాదు. ఎనుబది సంవత్సరములు ఇచ్చట ఖైదీకి నియమావళి యున్నది కాని, తన యజమానిపై చూపుకొనదగిన చట్టము లేకుండెను. ఇప్పుడు ఓడల మరమ్మతు కార్ఖానాలోని కూలి, తన యజమాని ప్రభుత్వమే అయినను, ఇన్స్పెక్టరునకు ఫిర్యాదు చేయవచ్చును. ఆ చట్టములోని 10వ నిబంధన ప్రకారము నియమింపబడు వైద్యుడు శిక్షకు ఓర్చునాయని చూచుటకు కాదు, పని మనుష్యుని చెరచుచున్నదాయని చూచుటకు వచ్చువాడు.

ఓడల మరమ్మతు కడు ప్రమాదకరమైన వృత్తి. నీరు తోడివేసిన డాకులో ఓడ నిలువగా, దాని పక్కలకు పరంచా కట్టి, సుత్తులతో తుప్పు రాల్చుదురు. చెవులు దిబ్బడవేయును, కన్నులలో పొరలు పడును. ఇనుప టాంకుల లోపల రంగువేయువానికి ఆ వాసనయే విషము. నూనె మిగిలిన టాంకు పైని వెల్డింగు చేయుట నిప్పుతో చెలగాటము. ఇట్టిచోట తనిఖీ అనగా హాజరుపట్టీపై సంతకము కారాదు. టాంకులో మనుష్యుడు దిగుటకు ముందు గాలిని పరీక్షించినదెవరు, మూతివద్ద కావలి నిలిచినదెవరు, త్రాడు ఉన్నదా, ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకవలెను. ఇనుమును దించుచు ఎక్కించుచు ఉన్న రేవు కూలీల కొరకు 1934లో ఒకటి, 1986లో మరొకటి వేరు చట్టములు వచ్చినవి.

పట్టణమునకు ప్రత్యేక ఆరోగ్యాధికారము 1957 నాటి మునిసిపల్ బోర్డుల రెగ్యులేషనుతో ఏర్పడినది. తరువాత 1994 నాటి రెగ్యులేషనుతో అది మునిసిపల్ కౌన్సిలు అయినది. చెత్త, మురుగు, మంచినీరు, అంగడి, జనన మరణముల నమోదు దాని పనులు. మద్రాసు రాష్ట్రము 1939లోనే ప్రజారోగ్యమునకై సమగ్రమైన చట్టము చేసికొన్నది, దేశమున అదియే మొదటిది. దానితో పోల్చినచో అండమాను పట్టణము ఆలస్యముగ మేల్కొన్నది. కాని ఫీనిక్స్ బేవంటి చోట సంస్థలు హెచ్చుటయే ఒక చిక్కు. వీథిలోని కాలువ మునిసిపాలిటీది. అది పోయి కలియు నీరు రేవు అధికారులది. కార్ఖానా గోడలోపల కార్ఖానాల ఇన్స్పెక్టరుది. బయటినుండి వచ్చు ఓడలోని రోగి సంగతి 1955 నాటి రేవు ఆరోగ్య నియమముల క్రిందికి వచ్చును. ఒకే ఎలుక ఒకే రాత్రి ఈ నాలుగు సరిహద్దులను దాటగలదు. ఖైదీల కాలమున అన్నిటికి ఒక్కడే అధికారి యుండుట అన్యాయమునకు దారితీసినది. ఇప్పుడు నలుగురుండుట వలన కాలువ ఎవరిదను వాదము పుట్టుచున్నది. రెండవది మొదటిదానికంటె చాల స్వల్పమైన దోషమే. అయినను దోషమే.

1988లో వానలు వెలసిన తరువాత ఉత్తర అండమానున విచిత్రమైన జ్వరము వచ్చెను. రోగులు రక్తము దగ్గుచు మరణించిరి. దానికి అండమాను రక్తస్రావ జ్వరమని పేరు పెట్టిరి. ఏటేట అది తిరిగి వచ్చుచుండెను. పోర్టు బ్లెయిరులో 1983లో స్థాపింపబడిన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రము 1993లో అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చెను. చౌధురి కామెర్లు, టేలర్ గోయల్‌ల క్రిమి, ఈ రక్తపు దగ్గు, మూడు ఒకే కుటుంబములోనివి. నడుమ అరువదేండ్ల మరపు. తరువాతి పరీక్షలలో సేద్యపు కూలీల రక్తమున ఈ జబ్బు ఆనవాళ్లు అందరికంటె హెచ్చుగ కనబడెను. మురుగుపనివారు, పశువుల కాపరులు, కసాయివారు, అడవి కూలీలు కూడ దానికి గురియైనవారే. అనగా ఇది దీవిజబ్బు మాత్రమే కాదు, వృత్తిజబ్బు. బూట్లు, చేతితొడుగులు ఇచ్చినచో, గాయమును కప్పినచో, జ్వరము వచ్చినవానిని నీ పని ఏమి యని వైద్యుడు అడిగినచో, చావు చాలవరకు తప్పును. ఈ మందులలో ఒక్కటైనను ఖరీదైనది కాదు.

2004 డిసెంబరు 26వ తేదీన భూకంపము, సునామీ వచ్చినపుడు పోర్టు బ్లెయిరు నేల దాదాపు ఒక మీటరు క్రుంగెను. రేవులోని జెట్టీలు దెబ్బతినెను. సిప్పీఘాటు వంటి పల్లపు పొలములలోనికి సముద్రము వచ్చి నిలిచెను. వరిపొలములు ఉప్పుబురదలైనవి. అట్టి నీరు ఏ దోమకు ప్రియమో 1912లోనే క్రిస్టఫర్స్ వ్రాసియుంచెను. ఈసారి ఆ సంగతిని జ్ఞాపకము చేసికొన్నవారు ఉండిరి. నిలువనీటిలో సండైకస్ పెరుగుదలను శాస్త్రజ్ఞులు వెంటనే పరీక్షించి, మలేరియా ప్రమాదమును గూర్చి హెచ్చరించిరి. పాత నివేదిక తొంబదిరెండేండ్ల పిమ్మట పనికివచ్చెను.

నీటిపైని తనిఖీ అంత జాగరూకముగ లేదని 2014 జనవరి 26వ తేదీన తెలిసినది. రాస్ ద్వీపమునుండి పర్యాటకులను తీసికొని పోవుచున్న ప్రయివేటు పడవ రేవు సమీపముననే మునిగిపోయెను. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. ఇరువదియైదుగురికి అనుమతి పొందిన పడవలో నలువదిమందికి మించి ఎక్కించిరి. అనుమతిపత్రము ఉన్నది, అందు సంఖ్య వ్రాసియున్నది. జెట్టీపై నిలిచి తలలు లెక్కించు మనుష్యుడు లేడు, ఉన్నను లెక్కింపలేదు. పనిచోటి క్షేమము, ప్రజల క్షేమము వేర్వేరు శాఖలని కాగితముపై విభజించినను, పడవవానికి ఆ విభజన లేదు. అతని పనిచోటే ప్రయాణికుని ప్రాణాధారము.

2020లో పార్లమెంటు వృత్తిరక్షణ, ఆరోగ్య, పనిపరిస్థితుల స్మృతిని ఆమోదించినది. 1948 నాటి కార్ఖానాల చట్టమును, 1986 నాటి రేవు కూలీల చట్టమును అది తనలో కలుపుకొన్నది. 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది. అందు ఇన్స్పెక్టరు అను మాటకు ప్రక్కన సహాయకుడు అను మాట చేర్చిరి. అతడు తప్పు పట్టువాడు మాత్రమే కాదు, సలహా చెప్పువాడు కూడ నని భావము. మిల్లు యజమానులు దీనిని సంతోషముతో ఆహ్వానించిరి. కార్మికసంఘములలో కొన్ని శంకించినవి. ప్రభుత్వమే యజమానియైన చోట, ప్రభుత్వపు సహాయకుడు ప్రభుత్వమునకే సలహా చెప్పుటలో ఎంత నిక్కచ్చితనము నిలుచునో ఫీనిక్స్ బేవంటి రేవులే చూపవలసియున్నది. ఆ స్మృతిలో వేరొక నిబంధన కలదు. యజమాని తన కార్మికులకు ఏటేట ఉచితముగ వైద్యపరీక్ష చేయింపవలెను. నలువదేండ్లు దాటినవారు దీనికి అర్హులని ప్రభుత్వము ప్రకటించినది. కారాగార నియమావళుల కాలమున ఖైదీని నియతముగ తూచి, బరువు తగ్గినచో పుస్తకములో వ్రాసెడివారు. విశాఖనుండి ఓడలో వచ్చి, తుప్పు రాల్చుచు తల నెరసిన కూలివాని బరువు వ్రాసికొను పుస్తకము ఆ రేవులో ఇపుడు తెరవబడవలసియున్నది.